గీజరు ధార సన్నబడిందా?

మొన్న భోగికి నెల్లూరులో దిగి, పెన్న దాటి కోవూరులోని పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లా. తెల్లవారుజామున తలంటుకుందామని వేడినీళ్ల కుళాయి తిప్పితే దారంలా సన్నటి ధార! బకెట్ నిండేసరికి పావుగంట పట్టింది. పక్కనే చన్నీళ్లు మాత్రం ధారాళంగా వస్తున్నాయి.

"గీజరు కొని మూడేళ్లు కూడా కాలేదబ్బయ్యా. వేడి చాలడంలేదని మీట చివరిదాకా తిప్పి పెట్టా" అంది పెద్దమ్మ.

చిక్కంతా అక్కడే ఉంది.

రెండు కుళాయిలూ సన్నగా వస్తుంటే లోపం ట్యాంకులోనో గొట్టాల్లోనో ఉన్నట్లు. వేడినీళ్లే తగ్గితే గీజరువైపు చూడాలి. బోరు నీళ్లలో కరిగి ఉండే కాల్షియం లవణాలు కాగినప్పుడు సున్నపు పెచ్చులుగా మారతాయి. వేడి పెరిగేకొద్దీ పెచ్చూ పెరుగుతుంది. అది కాయిల్ చుట్టూ పేరుకుంటే నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, కరెంటు బిల్లు పెరుగుతుంది. ఊడిన ముక్కలు గొట్టానికి అడ్డుపడితే ధార సన్నబడుతుంది. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మి.గ్రా. లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 600 దాకా ఫర్వాలేదని బీఐఎస్ ప్రమాణాలు చెబుతున్నాయి. అంటే తాగడానికి పనికొచ్చే నీళ్లు కూడా గీజరుకి ఇబ్బంది పెట్టొచ్చు.

నిజానికి పెద్దమ్మకి ఇది తెలియని సంగతేం కాదు. ఒకప్పుడు పెరట్లో రాగి కాగు ఉండేది. దానికి పట్టిన తెల్లటి పొరని చింతపండుతో తోమేది. పులుపు సున్నాన్ని కరిగిస్తుంది మరి. గీజరు లోపల మనకి కనపడదు కాబట్టి పట్టించుకోం, అంతే తేడా.

ఇంతకీ ఏం చేయాలంటే...

* ముందు షవరు, కుళాయి మూతిలోని జాలీ విప్పి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో కాసేపు నానబెట్టి కడగండి. కొన్నిసార్లు ఇంతటితోనే సరిపోతుంది.

* మీట 60 డిగ్రీలు దాటనివ్వకండి.

* బోరు నీళ్లు వాడేవాళ్లు ఏడాదికోసారి మెకానిక్‌ని పిలిచి ట్యాంకు కడిగించండి. లోపల తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం కడ్డీ అరిగిపోతే మార్పించండి.

* నీళ్లు కాగేటప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు కారడం మామూలే. కారుతోందని దాన్ని మూసేయొద్దు. లోపలి ఒత్తిడి బయటికి పోయే దారి అదే. అది మూసుకుపోతే ట్యాంకు పేలొచ్చు.

* గ్యాస్ గీజరులో ధార బాగా తగ్గితే బర్నరే వెలగదు. దాన్ని మూసి ఉన్న స్నానాలగదిలో మాత్రం పెట్టించొద్దు. అందులోంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ప్రాణం మీదికొచ్చేదాకా తెలియదు.

పండగ వెళ్లాక మెకానిక్ వచ్చి విప్పితే దోసెడు పెచ్చులు రాలాయట. ఫోన్లో పెద్దమ్మ ఒకటే మాట అంది... "మా కాగే నయం గదా నాయనా, అడుగైనా కనపడేది!"