చెట్టు పోయింది, సీసా మిగిలింది



కొంతకాలము క్రిందట మేము శంషాబాద్ విమానాశ్రయమునకు వెళ్ళవలసి వచ్చింది. మా సంఘములోని ఒక కుటుంబపు పెద్ద కుమారుడు మూడు సంవత్సరములు గల్ఫ్‌లో కష్టపడి ఇంటికి తిరిగి వస్తున్నాడు. అతని తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు, సంఘ పెద్ద ఒకరు, మేము కలిసి తెల్లవారకముందే జీపులో బయలుదేరాము. పిల్లలు సంతోషముతో ఎగిరి గంతులు వేస్తున్నారు. తల్లి మాత్రము దారి పొడుగునా పెదవులు కదుపుతూ ప్రార్థించుచునే ఉన్నది. ఆమె భయము మాకు తెలుసు. గల్ఫ్‌కు పోకముందు ఆ బిడ్డ త్రాగుడుకు బానిస. ఆ అప్పు తీర్చుటకే అతడు దేశము విడిచి వెళ్ళాడు.

తెల్లవారింది. జాతీయ రహదారి మీద అక్కడక్కడ వైన్ షాపుల బోర్డులు కనబడుచున్నవి. కోడలు ఆ బోర్డుల వైపు చూచి, తల వంచుకొని, "అయ్యగారూ, ఇంటికి పోయేదాక జీపు యాడా ఆపకుండ్రి" అన్నది. ఆ మాట మా మనస్సును కోసింది. మూడేండ్లకు ఇంటికి వస్తున్న భర్తను చూచుటకు పోవుచున్న ఇల్లాలు, ఆయన ముఖము కంటె ముందు దుకాణపు బోర్డులను చూడవలసి వచ్చింది గదా!

ముందు సీట్లో కూర్చున్న సంఘ పెద్ద గీత కార్మికుల ఇంట పుట్టినవాడు. విమానాశ్రయపు గోడ కనబడగానే ఆయన చెయ్యి చాపి చూపించాడు. "అగో, ఆడ మొత్తం ఈతవనం ఉండె అయ్యగారూ. మా నాయన గీసిన చెట్లు ఆ గోడ లోపల్నే పోయినయ్" అన్నాడు. 2008 మార్చిలో ఈ విమానాశ్రయము ప్రారంభమైంది. దాని కొరకు సేకరించిన భూమి సుమారు 5,500 ఎకరములు. పొలములు, తోటలు, చెట్లు అన్నీ అందులో కలిసిపోయినవి. చుట్టుప్రక్కల మిగిలిన భూమి ప్లాట్లుగా మారింది.

ఒక ప్రక్క కోడలి భయము, మరియొక ప్రక్క పెద్దాయన దుఃఖము. ఈ రెండును ఒకే జీపులో ఉన్నవి. మన సంఘములలో కూడ ఈ రెండును ఒకే చాప మీద కూర్చుంటున్నవి గనుక ఈ నెల దీనిని గురించి ఆలోచించుదము. త్రాగుడు పాపమని చెప్పుట సులువే. దానిని తయారుచేయువారి మీద, అమ్మువారి మీద, త్రాగువారి ఇంటి మీద ప్రభుత్వ చట్టము ఎట్లు పనిచేస్తున్నదో కూడ మనము తెలిసికొనవలెను.

ముందుగా కల్లు సంగతి చూడండి. గీత కార్మికుడు మోకు కట్టుకొని ఉదయము, సాయంత్రము చెట్టు ఎక్కి లొట్టి దింపుతాడు. ఆ కల్లు కొద్ది గంటలలోనే పులిసిపోతుంది. దూరము పోదు, నిలువ ఉండదు. ఊరిలో పుట్టి ఊరిలోనే అయిపోవలసినదే. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టము క్రింద లైసెన్సు లేనిదే చెట్టు గీయకూడదు, కల్లు అమ్మకూడదు. చెట్టుకు ఇంత అని పన్ను ఉండేది. 2004లో హైదరాబాదు నగరములో కల్లు దుకాణములు మూసివేశారు. 2014లో తెలంగాణ ప్రభుత్వము వాటిని మరల తెరిపించింది, తరువాత చెట్ల పన్నును ఎత్తివేసింది. అయితే తెరిచేనాటికి నగరము చుట్టు చెట్లు ఏవి? చెట్టు లేనిచోట కల్లు కావలెనంటే మందు కలుపుతారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతములో కల్తీ కల్లు త్రాగి పలువురు ప్రాణములు విడిచారు. త్రాగినవారు ఎక్కువమంది కూలినాలి చేసికొను పేదలు.

ఇక సారా సంగతి. ఒకప్పుడు ప్రభుత్వమే వేలము పాటలు పెట్టి సారాను గుత్తకిచ్చేది. 1980లలో 'వారుణి వాహిని' పేరున ప్యాకెట్లలో ఇంటి గుమ్మము వరకు సారా వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరము నేర్చుకొనుటకు కూడిన స్త్రీలు ఆ దుకాణమును మూయించారు. రోశమ్మగారి పేరు ఊరూర మారుమ్రోగింది. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకొని 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధము వచ్చింది. 1995 జనవరి 16 నుండి ఎన్.టి. రామారావు ప్రభుత్వము సంపూర్ణ మద్య నిషేధమును అమలులోనికి తెచ్చింది.

ఆ దినములను ఎరిగిన తల్లులు మన సంఘములలో ఇంకను ఉన్నారు. కూలి డబ్బు ఇంటికి చేరిన సంవత్సరములని వారు నేటికిని చెప్పుకొంటారు. అయితే రెండవ వైపు కూడ చెప్పవలెను. బీరు, బ్రాందీ కర్మాగారములకు ఇక్కడి బజారు మూతపడింది. పొరుగు రాష్ట్రముల నుండి దొంగ సరుకు వచ్చింది, పల్లెలలో గుడుంబా కాగింది. ఖజానాకు గండి పడింది. ఆ రోజులలోనే, 1996లో, కిలో 2 రూపాయల బియ్యము 3 రూపాయల 50 పైసలు అయింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వము నిషేధమును సడలించింది.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. నిషేధము పోయినా సారా దుకాణము తిరిగి రాలేదు. తిరిగి వచ్చినది కర్మాగారములో నింపిన సీసా. ఊరి చెట్టు మీది కల్లు కుంటుచునే ఉన్నది. అందుకు కారణము తెలియవలెనంటే ఈ వ్యాపారములో ప్రభుత్వము ఎక్కడ కూర్చున్నదో చూడవలెను. 1986లో ఏర్పడిన బేవరేజస్ కార్పొరేషన్ ద్వారానే మద్యము దుకాణములకు చేరవలెను. తెలంగాణ ఏర్పడిన తరువాత ఇక్కడ వేరే కార్పొరేషన్ వచ్చింది గాని పద్ధతి అదే. కర్మాగారము ఎవరిదైనా కొనేవాడు ఒక్కడే, ధర నిర్ణయించేవాడు ఒక్కడే, పన్ను వేసేవాడును ఆయనే. చెట్టు మీది లొట్టిని గోదాములో పెట్టి లెక్క కట్టలేరు. సీసాను లెక్క కట్టగలరు.

ఇందువలన కర్మాగారములు సుఖముగా ఉన్నవని అనుకొనరాదు. సంగారెడ్డి వైపు బీరు కర్మాగారములు ఉన్నవి. 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ కంపెనీ తెలంగాణకు బీరు పంపుట ఆపివేసింది. 2019-20 నుండి తమకిచ్చే ధర పెంచలేదనీ, పాత బాకీలు రాలేదనీ వారి ఫిర్యాదు. కొద్ది దినములకు సరఫరా మరల మొదలైంది, ఫిబ్రవరిలో ప్రభుత్వము ధరను 15 శాతము పెంచింది. కొనేవాడు ఒక్కడే అయితే పెద్ద కంపెనీ కూడ ఆయన గుమ్మము వద్ద నిలువవలసినదే. మరి చిన్నవాని గతి ఏమి?

ద్రాక్ష సంగతియు అంతే. హైదరాబాదు చుట్టు అనాబ్-ఎ-షాహి ద్రాక్ష తోటలకు ఒకప్పుడు గొప్ప పేరు. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధనా కేంద్రమే ఉండేది. 2001లో మహారాష్ట్ర, 2007లో కర్ణాటక తమ ద్రాక్ష రైతులకని వైన్ తయారీకి ప్రత్యేక విధానములు తెచ్చుకొన్నవి. నాసిక్ ఆ విధముగా పేరు పొందింది. మన ప్రక్కన తోట వైన్ కాలేదు, ఎండుద్రాక్షయు కాలేదు, ప్లాటు అయింది. మన బల్లకు ద్రాక్షారసము కావలెనంటే బజారు పండ్లు తెచ్చి కాచుకొంటున్నాము గాని ప్రక్క తోటవి కాదు.

శంషాబాద్‌కు తిరిగి వద్దము. 2023 ఆగస్టులో తెలంగాణలోని 2,620 దుకాణములకు లాటరీ కొరకు దరఖాస్తులు పిలిచారు. దరఖాస్తు రుసుము 2 లక్షల రూపాయలు. దుకాణము రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. అయినను సుమారు 1 లక్షా 32 వేల దరఖాస్తులు వచ్చినవి. అందులో ఒక్క శంషాబాద్ ఎక్సైజు పరిధిలోనే పది వేలకు పైగా! 2025లో రుసుము 3 లక్షలు చేశారు. ఒక్క సీసా అమ్మకముందే ఆ దరఖాస్తుల మీద ఖజానాకు 2,800 కోట్ల రూపాయలకు పైగా వచ్చినది. ఈ దుకాణములలో 15 శాతము గౌడ సోదరులకు కేటాయించారు. అయితే చెట్టెక్కి పొట్ట పోసికొనువాడు 3 లక్షలు ఎక్కడ నుండి తెచ్చి లాటరీలో వేయగలడు?

చట్టము ఇంటి కొరకు వ్రాయబడినదా, ఖజానా కొరకు వ్రాయబడినదా? రెండును కలిసి ఉన్నవి. అయితే ఇంటి కొరకు వ్రాసిన మాటలను చదువువారు తక్కువ. గుడికి, చర్చికి, బడికి, ఆసుపత్రికి 100 మీటర్ల లోపల దుకాణము ఉండకూడదని నియమమున్నది. 21 సంవత్సరములు నిండనివారికి అమ్మకూడదు. రహదారులకు 500 మీటర్ల లోపల, చిన్న ఊళ్ళయితే 220 మీటర్ల లోపల దుకాణములు వద్దని 2016, 2017 సంవత్సరములలో సుప్రీంకోర్టు చెప్పింది. మునిసిపల్ పరిధిలో దీనికి సడలింపు ఇచ్చింది. పల్లెలలో కిరాణా కొట్టు వెనుక నడుచు బెల్టు షాపుకు ఏ చట్టమును అనుమతి ఇవ్వదు.

గనుక మన సంఘములు మూడు పనులు చేయవచ్చును. మొదటిది, మీ చర్చికి, బడికి దుకాణము ఎంత దూరమో టేపు పెట్టి కొలవండి. దగ్గరైతే, లేక బెల్టు షాపు ఉంటే, స్త్రీల సమాజము పక్షమున అర్జీ వ్రాసి సోమవారము కలెక్టరు కార్యాలయములో జరుగు ప్రజావాణిలో ఇవ్వండి, రసీదు అడిగి తీసికొనండి. రెండవది, గీత కార్మికుని, కర్మాగారపు కూలిని పాపిగా చూచి దూరము పెట్టవద్దు. వారి పిల్లల చదువుకు, వేరే పనికి దారి చూపండి. చెట్టు మీద నుండి పడి నడుము విరిగినవాని ఇంటికి పోయి బియ్యము ఇచ్చి రండి. మూడవది, త్రాగుడు మానిన సహోదరుని ఒంటరిగా విడువవద్దు. జీతము వచ్చిన దినము, పండుగ దినము, ఊరినుండి తిరిగి వచ్చిన దినము అతని ప్రక్కన ఒకరు ఉండవలెను.

ఆ ఉదయము సామాను బండి త్రోసికొంటూ ఆ బిడ్డ బయటికి వచ్చాడు. చిన్నది తండ్రిని గుర్తుపట్టక నానమ్మ కొంగు చాటున దాగుకొన్నది. తిరుగు ప్రయాణములో కొంతదూరము పోయిన తరువాత అతడే, "అన్నా, జీపు జర ఆపుండ్రి" అన్నాడు. కోడలి ముఖము వాడిపోయింది. అతడు దిగి రోడ్డు దాటి వెళ్ళాడు. మేము ఎవరము మాట్లాడలేదు. అయిదు నిమిషములకు చేతిలో ఆరు చాయ్ గ్లాసులతో, పిల్లలకు బిస్కెట్లతో తిరిగి వచ్చాడు.

ఆ దినము గెలిచాడు. రేపటి సంగతి మాకు తెలియదు. ప్రతి దినము అతడు ఆ బోర్డుల ముందు నుండే పనికి పోవలెను. అందుచేత మా సంఘ పెద్ద సాయంకాలము అతని ఇంటికి పోయి కూర్చుంటున్నాడు. మీ సంఘములో అట్టివాడు ఎవడున్నాడో, ఈ సాయంకాలము ఎవరు పోయెదరో, ఆలోచించి ప్రార్థించండి.