క్రాన్‌బెర్రీ మొక్క కొనేముందు దాని పుట్టిల్లు ఎక్కడో అడగండి



ఈమధ్య ఫోన్లలో ఒక వీడియో బాగా తిరుగుతోంది. మోకాలు దాటిన నీళ్లు, ఆ నీళ్ల మీద కనుచూపు మేర తేలే ఎర్రటి పళ్లు, మధ్యలో రబ్బరు బూట్లు వేసుకున్న మనుషులు. వెనక మన భాషలో ఒక గొంతు, "క్రాన్‌బెర్రీ, ఎకరాకు లక్షలు" అని. అది చూసి "చెరువు కింద పొలం ఉంది గదా, వరి బదులు ఇది వేద్దామా" అని అడిగినవాళ్లు నాకు తెలిసే ముగ్గురు నలుగురు ఉన్నారు.

నా మాట ముందే చెప్పేస్తా. వేయొద్దు. ఎందుకు వద్దో చెప్పకుండా వద్దంటే ఎవరూ వినరు, వినకూడదు కూడా. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

మొదటి సంగతి: ఈ మొక్క నీళ్లలో పెరగదు. వరి లాగా మడిలో నిలవనీటితో పెంచేది కాదు. కోతప్పుడు మాత్రం మడికి నీళ్లు పెట్టి, తిరిగే చక్రాలున్న బండితో తీగల్ని అల్లాడిస్తారు. కాయ లోపల నాలుగు గాలి గదులుంటాయి కాబట్టి రాలిన కాయ పైకి తేలుతుంది. దాన్ని ఒక మూలకు నెట్టి ఎత్తుకుంటారు. మళ్లీ గడ్డకట్టే చలిలో తీగ ఎండిపోకుండా నీళ్లతో కప్పుతారు. మిగతా రోజులన్నీ వేళ్లకు తడి ఉండాలి, గాలీ ఆడాలి. వీడియోలో చూపించేది సంవత్సరంలో కొద్ది రోజుల ముచ్చట.

అసలు ఇది ఎట్లాంటి మొక్క? ఎరికేసీ అనే కుటుంబంలోది. బ్లూబెర్రీ ఇదే కుటుంబం. హిమాలయాల్లోనూ నీలగిరుల్లోనూ ఎర్రగా పూసే రోడోడెండ్రాన్ చెట్టు కూడా ఇదే కుటుంబం. క్రాన్‌బెర్రీ ఏడాది పొడుగునా ఆకు రాల్చని పొట్టి పొద. నేల మీద తీగలు పాకి, వాటి మీద జానెడు ఎత్తు నిలువు కొమ్మలు లేస్తాయి. పూత, కాత ఆ కొమ్మల మీదే. చిన్న మందపాటి ఆకులు ఎండాకాలం పచ్చగా ఉండి, చలికాలం ఎర్రబారి నిద్రపోతాయి. దీని పుట్టిల్లు ఉత్తర అమెరికా చలి ప్రాంతాల్లోని పుల్లటి చిత్తడి నేలలు. మసాచుసెట్స్‌లోని డెన్నిస్ అనే ఊళ్లో 1816లో హెన్రీ హాల్ అనే ఆయన, గాలికి ఇసుక కొట్టుకొచ్చి పడిన చోట ఈ తీగలు బాగా కాస్తున్నాయని గమనించి సాగు మొదలుపెట్టాడు. ఇప్పటికీ అక్కడ కొన్నేళ్లకోసారి మడి మీద పల్చగా ఇసుక పరుస్తారు. ఈరోజు అమెరికా పంటలో సగానికి పైగా విస్కాన్సిన్ రాష్ట్రానిదే. అక్కడ చలికాలంలో మడి మీద నీళ్లు గడ్డకట్టి, ఆ మంచు మీద బండి నడుస్తుంది.

ఇక మన నేల సంగతికొద్దాం. ఈ మొక్కకు పీహెచ్ 4 నుంచి 5.5 లోపు ఉండాలి. మన నల్లరేగడి సాధారణంగా 7.5 నుంచి 8.5 మధ్య ఉంటుంది. ఎర్రచెలక కొంత నయమేగానీ, 5 దగ్గరకు వచ్చేవి తక్కువ. 8కి 5కి తేడా మూడే గదా అనుకోవద్దు. ఈ లెక్కలో ఒక్కో మెట్టుకు పులుపు పది రెట్లు మారుతుంది. మూడు మెట్లంటే వెయ్యి రెట్లు.

దీని వేళ్లు కూడా మన పంటల వేళ్ల లాంటివి కావు. పీచులాంటి సన్నటి వేళ్లు, వాటికి నూగు ఉండదు. పుల్లటి మట్టిలో బతికే ఒక జాతి బూజుతో పొత్తు పెట్టుకుని తిండి తీసుకుంటాయి. నత్రజని కూడా అమ్మోనియం రూపంలోనే బాగా పడుతుంది. మన నేలల్లో యూరియా వేస్తే కొద్ది వారాల్లోనే నైట్రేట్‌గా మారిపోతుంది, అది దీనికి సరిగ్గా ఒంటదు. ఇక ఇనుము. సున్నం నేలల్లో వేరుశనగ ఆకులు ఈనెలు పచ్చగా, మధ్యంతా పసుపుగా మారడం మీరంతా చూసిందే. అన్నభేది, నిమ్మ ఉప్పు కలిపి కొడితే వేరుశనగ కోలుకుంటుంది. పుల్లటి నేలకు పుట్టిన మొక్కను అదే నేలలో పెడితే ఎన్నిసార్లని కొడతాం?

"గంధకం వేస్తే నేల పులుపెక్కుతుందట గదా" అంటారు కొందరు. నిజమే, సున్నం లేని నేలలో. సున్నం ఉన్న నేలలో లెక్క చూడండి. ఎకరంలో అరడుగు లోతు మట్టి సుమారు 900 టన్నులు. అందులో నూటికి ఒక పాలు సున్నం ఉన్నా 9 టన్నులు. దాన్ని విరగ్గొట్టడానికే దాదాపు 3 టన్నుల గంధకం కావాలి. అది అయిపోయాకే పీహెచ్ కిందికి దిగడం మొదలయ్యేది. ఇంత చేశాక మన బోరునీళ్లు పెట్టామంటే, ఆ నీళ్లలోని బైకార్బనేట్లు మళ్లీ పైకి లాగుతాయి. ఇల్లు తుడుస్తుంటే వెనక నుంచి బురదకాళ్లతో నడిచినట్టు.

పోనీ నేల సంగతి ఎట్లాగో చూసుకున్నాం అనుకోండి. చలి ఎక్కడి నుంచి తెస్తాం? ఈ మొక్క పూయాలంటే 7 డిగ్రీల లోపు చలి వెయ్యి గంటలకు పైగా తగలాలి. మనకు ఆదిలాబాద్, లంబసింగి లాంటి చోట్ల కొన్ని రాత్రులు అంత చలి పడుతుంది. రాత్రికి ఆరు గంటల చొప్పున రెండు నెలలూ పడిందనుకున్నా 360 గంటలే. మిగతా జిల్లాల్లో అదీ లేదు. మొక్క బతికినా పూత రాదు. అసలు సొంతగడ్డ మీదే నాటిన మూడు నాలుగేళ్లకు గానీ సరైన పంట ఇవ్వదు. పూత రాదని మనకు తెలిసే నాటికి అమ్మినవాడి ఫోను పనిచేయదు.

బ్లూబెర్రీ సంగతి కొంచెం వేరు, అదీ ఉన్నదున్నట్టు చెప్పాలి. అమెరికాలోని ఫ్లోరిడాలో ఆకు రాల్చని ఒక అడవి రకంతో సంకరం చేసి, తక్కువ చలితో కాసే రకాలు తీశారు. చలి ముడి అట్లా కొంత విప్పారు. పులుపు నేల ముడి మాత్రం అట్లాగే ఉంది. అందుకే వేడి ప్రాంతాల్లో చాలామంది పెద్ద కుండీల్లో, కొబ్బరిపొట్టులో, ఆమ్లం కలిపిన నీళ్లతో పెంచుతారు. అది పెట్టుబడి ఉన్నవాళ్ల పని, పొలంలో గుంట తీసి నాటే పని కాదు.

ఇంకో మోసం జాగ్రత్త. మన వాక్కాయనే కొందరు "ఇండియన్ క్రాన్‌బెర్రీ" అంటున్నారు. కొన్నిచోట్ల కలివికాయ అంటాం. పేరు కలిసింది గదా అని అమెరికా బొమ్మ చూపించి వాక్కాయ మొక్క చేతిలో పెడితే మనం ఏం చేస్తాం? ఆకు తుంచి చూడండి. పాలు కారితే, కొమ్మకు ముళ్లుంటే అది వాక్కాయ. గన్నేరు కుటుంబం దానిది. క్రాన్‌బెర్రీకి పాలూ లేవు, ముళ్లూ లేవు.

నన్నడిగితే ఆ వాక్కాయే మేలు. అదీ ఆకు రాల్చని పొదే. రాళ్ల నేలలో, ఎండకు, నీళ్లు లేకున్నా నిలబడుతుంది. గట్టు మీద నాటితే మేకను, గొడ్డును ఆపే కంచె. పప్పులోకి, పచ్చడిలోకి కాయ. బేకరీలో కేకు మీద పెట్టే ఎర్ర "చెర్రీ" చాలావరకు రంగు, పాకం పట్టిన వాక్కాయే. అట్లాగని ఐదెకరాలు వేయమని నేను అనను. ముళ్లలో చెయ్యి పెట్టి కోసే కూలి ఖర్చు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ, ఒక్కసారి కాయ దిగితే ధర పడిపోతుంది. కంచెగా వేసుకోండి, వచ్చిందే లాభం.

కొత్త మొక్క ఎవరు తెచ్చినా మూడు ప్రశ్నలు అడగండి. దీనికి ఏ పీహెచ్ కావాలి, నా మట్టి పరీక్ష కాగితంలో ఎంత ఉంది? దీనికి ఎంత చలి కావాలి, మా ఊళ్లో ఎంత పడుతుంది? మన జిల్లాలో మూడేళ్లు వరసగా కాసిన తోట ఒక్కటి చూపిస్తావా? మూడింటికీ జవాబు వస్తే అప్పుడు ధర మాట్లాడండి. తిరిగి కొంటామన్న మాట తర్వాత. కాయే కాయని మొక్కకు కొనుగోలు ఒప్పందం ఎందుకు?

కొత్త పంట వేయడం తప్పని నేను అనడంలేదు. మిరప మన గడ్డ మీద పుట్టలేదు, వేరుశనగా పుట్టలేదు. అవి ఇక్కడి ఎండకు, మట్టికి ఒదిగాయి కాబట్టి మనవయ్యాయి. క్రాన్‌బెర్రీకి చలి కావాలి, పుల్లటి మట్టి కావాలి, మన దగ్గర రెండూ లేవు. మొక్కది తప్పు కాదు, మన నేలదీ తప్పు కాదు. ఈ సంబంధం కుదరదు, అంతే. మట్టి పరీక్ష చేయించనివాళ్లు ఈ ఎండాకాలంలో పొలం ఖాళీగా ఉన్నప్పుడే చేయించండి. ఆ కాగితం చేతిలో ఉంటే ఏ వీడియో వచ్చినా భయంలేదు.