ఆడవాళ్ళలో నిరుద్యోగం 3.2 శాతమేనట! మరి మన చెల్లెళ్ళకు జీతం ఏదీ?

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి. గ్రూప్స్‌కీ డీఎస్సీకీ ప్రిపేర్ అయ్యేవాళ్ళు తప్పకుండా చదవాలి. ఎకానమీ పేపర్ కోసం మనం బట్టీ పట్టే అంకె గురించే ఇది.

కేంద్రం చేసే పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వే ప్రకారం, 15 ఏళ్ళు, ఆపైన వయసున్న ఆడవాళ్ళలో నిరుద్యోగం 2017-18లో 5.6 శాతం, 2023-24లో 3.2 శాతం. అంటే వందలో ముగ్గురికే పని లేదా? మరి మన గూడేల్లో డిగ్రీ, బీఎడ్ చేసి ఇంట్లో కూర్చున్న చెల్లెళ్ళంతా ఏమయ్యారు? లెక్కలో మాయమయ్యారు. ఎట్లాగో చూడండి.

మొదటిది. ఆ 3.2 శాతం మొత్తం ఆడవాళ్ళలో కాదు. పని చేస్తున్నవాళ్ళనీ, పని కావాలనేవాళ్ళనీ కలిపి 'శ్రామిక శక్తి' అంటారు, అందులో 3.2 శాతం. 2023-24లో ఆ శ్రామిక శక్తిలో ఉన్న ఆడవాళ్ళు 41.7 శాతమే. సగానికి పైగా ఆడవాళ్ళు ఈ రేటు లెక్కకే రారు.

రెండోది. బీఎడ్ చేసిన చెల్లి ఏడాదంతా డీఎస్సీ కోసం చూస్తోంది. మధ్యలో కలుపుకీ కోతకీ కలిపి ఒక 30 రోజులు అమ్మానాన్నలతో పోడులో పని చేసింది. చేతికి రూపాయి రాలేదు. అయినా ఏడాది లెక్కలో ఆమె 'పని ఉన్న మనిషి'. ఇంటి వ్యవసాయంలో జీతం లేని సాయం అని కోడ్ 21 వేస్తారు. వారం లెక్క ఇంకా ఘోరం, ఆ ఏడు రోజుల్లో ఒక్క గంట పని చేసినా చాలు.

మూడోది. అమ్మ అడవికి పోయి ఇంటికి కట్టెలు, దుంపలు, ఆకుకూర తెస్తే కోడ్ 93. ఆమె కార్మికురాలూ కాదు, నిరుద్యోగీ కాదు. అదే అమ్మ ఇప్పపువ్వు ఏరి సంతలో అమ్మితే స్వయం ఉపాధి! అదే అడవి, అదే నడక, అదే నడుం నొప్పి. 2024 టైమ్ యూజ్ సర్వేలో, ఇంటి పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు సగటున రోజుకు 289 నిమిషాలు చేస్తున్నారు, మగవాళ్ళు 88 నిమిషాలు. దాదాపు ఐదు గంటల చాకిరీ, ఉపాధి లెక్కలో సున్నా.

"శ్రామిక శక్తిలో ఆడవాళ్ళు 23.3 నుంచి 41.7 శాతానికి పెరిగారు కదా, అది ప్రగతి కాదా?" అని కొందరు అడుగుతారు. పెరిగారు, నిజమే. ఏ పనిలో పెరిగారో కూడా చూడాలి కదా. ఆ ఆరేళ్ళలో పనిచేసే ఆడవాళ్ళలో నెలజీతం వాళ్ళ వాటా 21 నుంచి 15.9 శాతానికి పడింది. జీతం లేని ఇంటి సాయం వాటా 31.7 నుంచి 36.7కి ఎక్కింది. దీన్ని ప్రగతి అని ఎట్లా అంటాం?

ఇది మనకెందుకంటే, జీవో 3 గుర్తుందా? 2000లో వచ్చిన ఆ జీవో ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ ఆదివాసీలకే ఇచ్చింది, అందులో మూడో వంతు ఆడవాళ్ళకు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ పోస్టు అందని చెల్లి పోడుకి పోతే నిరుద్యోగం రేటు కదలదు. రేపు మనం ఉద్యోగాలు అడిగితే ఇదే అంకె చూపించి "మీకు పనుంది కదా" అంటారు. పని మాకు ఎప్పుడూ ఉంది సార్, లేనిది జీతం.

అందుకే మన సంఘాలు అడగాల్సినవి: జీతం లేని సాయాన్ని ఉపాధి అంకెలో కలపకుండా విడిగా చెప్పాలి. ఎంతమంది ఆదివాసీ ఆడవాళ్ళకు చేతికి డబ్బు వచ్చే పని ఉందో ఏజెన్సీ వారీగా ప్రకటించాలి. ఇక మన వంతు: సర్వేవాళ్ళు మన ఊరు వస్తే నాన్నో అన్నో జవాబు చెప్పేయొద్దు. చెల్లినే పిలవండి. "నాకు ఉద్యోగం కావాలి, వెతుకుతున్నా" అని ఆమె నోటితో ఆమే చెప్పాలి.

జై ఆదివాసీ!