ముందు బ్రేక్ ముట్టుకోకు

మన రెండు రాష్ట్రాల్లో బండి నేర్పే నాన్నలు, బాబాయిలు, పక్కింటి అన్నలు దాదాపు అందరూ మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది. "ముందు బ్రేక్ ముట్టుకోకురా, పడిపోతావ్." క్లచ్ ఎంత వదలాలో, గేరు ఎప్పుడు మార్చాలో తర్వాత చెప్తారు. ఇది మాత్రం తాళం చేతికి ఇవ్వకముందే చెప్పేస్తారు. ఈ మాట విని నవ్వే బైక్ ప్రియులు మన క్యాంపస్‌లో చాలామందే ఉన్నారు. నాకైతే నవ్వు రాదు. అందులో సగం ఫిజిక్స్ నిజం. రెండో సగమే ప్రాణాల మీదికి తెస్తుంది.

ముందు నిజమైన సగం. చక్రం తిరుగుతున్నంతసేపే టైరు బండిని పక్కకి పోకుండా పట్టుకుంటుంది. గట్టిగా బ్రేక్ పట్టి చక్రం తిరగడం ఆగిపోయిందనుకోండి, టైరు రోడ్డు మీద సబ్బుబిళ్లలా జారుతుంది. వెనక చక్రం లాక్ అయితే తోక ఊగుతుంది, చాలాసార్లు సర్దుకోవచ్చు. ముందు చక్రం లాక్ అయితే హ్యాండిల్ తిప్పినా ఫలితం ఉండదు. బ్యాలెన్స్ ఇచ్చేది ఆ చక్రమే కాబట్టి, మనం తేరుకునే లోపే నేల మీద ఉంటాం. మన రోడ్ల మీద లాక్ అవ్వడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. ఇసుక ట్రాక్టర్ వెళ్లిన దారి, కోతల టైములో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, దమ్ము చేసి పొలం నుంచి రోడ్డెక్కిన ట్రాక్టర్ రాల్చిన బురద, తొలకరి చినుకులకి ఆయిల్ తేలిన తారు, ఏదైనా చాలు. పెద్దవాళ్లు ఏ పుస్తకమూ చదవకుండా మోకాళ్లతో, మోచేతులతో నేర్చుకున్న పాఠం అది.

ఇక రెండో సగం. బ్రేక్ వేయగానే బండి బరువు ముందుకి వాలుతుంది. వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రానికి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. మామూలు 100 సీసీ బండి తీసుకుని ఉజ్జాయింపుగా లెక్క వేశాను. చక్రాల మధ్య దూరం 1.25 మీటర్లు, మనిషితో కలిపి గరిమనాభి ఎత్తు 0.6 మీటర్లు, కదలకుండా ఉన్నప్పుడు వెనక చక్రం మీద 55 శాతం బరువు, పొడి రోడ్డుకి ఘర్షణ గుణకం 0.8. వెనక బ్రేక్ ఒక్కటే ఎంత బాగా వాడినా బండి వేగం తగ్గే రేటు గురుత్వ త్వరణంలో 0.32 వంతు దాటదు. రెండు బ్రేకులూ సరిగ్గా వాడితే 0.7 వంతు దాకా వస్తుంది. గంటకి 50 కి.మీ. వేగంలో రెండూ వాడినవాడు దాదాపు 14 మీటర్లలో ఆగుతాడు. వెనకది మాత్రమే తొక్కినవాడికి 31 మీటర్లు కావాలి. ఇంకో రకంగా చూడండి: మొదటివాడు ఆగిపోయిన చోట రెండోవాడు ఇంకా 37 కి.మీ. వేగంతో ఉంటాడు. ఎదురుగా గేదె ఉందో, బస్సు దిగిన పిల్లాడు ఉన్నాడో మీరే ఊహించుకోండి. డౌటుంటే ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీసి చూడండి, ఫస్టియర్ మెకానిక్స్ సరిపోతుంది.

అంటే నాన్న సలహా ఒక బేరం. పడకుండా ఉండటం కోసం, ఆగే శక్తిలో సగానికి పైగా వదులుకోవడం. చేతిలో ఉన్న బండికి వేరే దారి లేనప్పుడు అది తెలివైన బేరమే. ఏబీఎస్ చేసేదల్లా ఆ బేరం అవసరం లేకుండా చేయడం. చక్రంతో పాటు తిరిగే ఒక పళ్ల రింగు, దాని పక్కన సెన్సర్. చక్రం ఒక్కసారిగా మందగించి లాక్ అవ్వబోతోందని అర్థం కాగానే, కంట్రోలర్ వాల్వులతో బ్రేక్ ఆయిల్ ప్రెషర్ తగ్గిస్తుంది. చక్రం మళ్లీ తిరగగానే ప్రెషర్ పెంచుతుంది. సెకనులో ఇలా చాలాసార్లు. మన వేళ్లు ఆ పని చేయలేవు. చేసే వేళ్లు ఉన్నాయనే హీరోలు మన హాస్టల్లోనూ ఉన్నారు, కానీ అకస్మాత్తుగా కుక్క అడ్డమొచ్చినప్పుడు లివర్‌ని ఎవరైనా ఒక్కలాగే పిండేస్తారు.

ఇదేమీ కొత్త సరుకు కాదు. 1988లో బీఎండబ్ల్యూ కే100 బండికి వచ్చినప్పుడు ఆ యూనిట్ దాదాపు 11 కిలోలు తూగేది. ఇప్పుడు కిలో కూడా ఉండదు. మన దగ్గర 2011లోనే టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 180కి వచ్చింది. కొత్త మోడళ్లకి 2018 ఏప్రిల్ 1 నుంచి, అప్పటికే అమ్ముతున్నవాటికి 2019 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం దీన్ని తప్పనిసరి చేసింది. అయితే 125 సీసీ దాటిన బండ్లకే. ఆ లోపు వాటికి ఏబీఎస్ గానీ, సీబీఎస్ అనే కంబైన్డ్ బ్రేకు గానీ ఉంటే చాలంది.

నా అభ్యంతరమంతా ఇక్కడే. ఘర్షణకి సీసీ తెలుసా? తడి తారు మీద 100 సీసీ బండి టైరూ, 350 సీసీ బండి టైరూ ఒకేలా జారతాయి. దేశంలో అమ్ముడయ్యే బండ్లలో అత్యధికం 125 సీసీ, అంతకంటే తక్కువే. పాల క్యాన్లు కట్టుకుని తెల్లవారుజామున వెళ్లేది వాటి మీదే. పురుగుమందు డబ్బాతో పొలానికి వెళ్లేదీ, రాత్రి పదకొండింటికి మన హాస్టల్ గేటుకి బిర్యానీ తెచ్చేదీ వాటి మీదే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. రోజంతా రోడ్డు మీద బతికేవాడికి లేని రక్షణ వీకెండ్ రైడ్‌కి వెళ్లేవాడికి ముందు దక్కింది.

సీబీఎస్ ఉందిగా అంటారు. వెనక బ్రేక్ తొక్కితే ముందుది కూడా కొంచెం పట్టుకునే ఏర్పాటు అది. ముందు బ్రేక్ ముట్టుకోని జనానికి పనికొచ్చేదే, కాదనను. కానీ చక్రం లాక్ అవ్వకుండా ఆపే శక్తి దానికి లేదు. బురద మీద అది రెండు చక్రాల్నీ లాక్ చేయగలదు కూడా.

2025 జూన్‌లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఒక ముసాయిదా విడుదల చేసింది. 50 సీసీ లోపు చిన్నవి పోనిస్తే, 2026 జనవరి 1 నుంచి తయారయ్యే ద్విచక్ర వాహనాలన్నిటికీ ఏబీఎస్ ఉండాలన్నది ప్రతిపాదన. టైమ్ చాలదని, ధర పెరుగుతుందని కంపెనీలు అన్నాయి. ధర మాట కొట్టిపారేసేది కాదు. ఏబీఎస్‌కి ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే బ్రేకు కావాలి, చవక బండ్లకి ముందు చక్రానికి ఉన్నది కేబుల్‌తో లాగే డ్రమ్ము. అంటే డిస్కు, క్యాలిపర్, మాస్టర్ సిలిండర్ అన్నీ కొత్తగా చేరాలి. కిస్తీల మీద బండి కొనేవాడికి రెండు వేలైనా బరువే. కానీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అలా మిగిలిన డబ్బులో కొంత బ్రేకుల్లోకి వెళ్లాలని అడగడం అత్యాశేమీ కాదు. రెండు చక్రాలకీ అక్కర్లేదు, ముందు చక్రానికి ఒక్కదానికి పెట్టినా చాలు. అసలు భయం ఆ చక్రంతోనేగా.

ఏబీఎస్ మంత్రదండమని నేను అనను. వదులు కంకర మీద ఆగే దూరం కొంత పెరగొచ్చు, బండి నిటారుగా ఉండటమే అక్కడ లాభం. మలుపులో బాగా వాలి ఉన్నప్పుడు మామూలు ఏబీఎస్ పూర్తిగా కాపాడలేదు, వంపుని కొలిచే సెన్సర్లున్న ఖరీదైన రకాలు వేరే ఉన్నాయి. అరిగిపోయిన టైరుకి లేని పట్టుని ఏ కంప్యూటరూ తెచ్చివ్వలేదు.

ఇంకొక చిక్కు మనుషులది. ఏబీఎస్ పనిచేసేటప్పుడు లివర్ వేళ్ల కింద టకటకా కొట్టుకుంటుంది. తెలియనివాళ్లు ఏదో విరిగిందనుకుని బ్రేక్ వదిలేస్తారు, సరిగ్గా వదలకూడని క్షణంలో. లైసెన్స్ టెస్ట్ అంటే మనలో చాలామందికి గుర్తుండేది ఎనిమిది అంకె తిప్పడమే. కాబట్టి ఏబీఎస్ బండి ఉన్నవాళ్లు ఒక ఆదివారం పొద్దున్నే ఖాళీ గ్రౌండ్ చూసుకోండి. హెల్మెట్ పెట్టుకుని, 20 కి.మీ. వేగంతో మొదలుపెట్టి, తిన్నగా వెళ్తూ ముందు బ్రేక్ కొంచెం కొంచెంగా గట్టిగా పట్టి చూడండి. ఆ టకటక చేతికి అలవాటయ్యాక ఇంట్లో వాళ్లని కూడా ఒకసారి ఎక్కించండి. ముందు బ్రేక్ పట్టమంటే మొదట ఒప్పుకోరు, కొంచెం ఓపిక పట్టాలి.