శరత్కాలపు పరుగు

వానలు వెనుకబట్టినవి. ఆకాశము తేటపడి, గుట్టలమీద తంగేడు పూచు దినములు వచ్చినవి. బతుకమ్మకు పూలు తెచ్చుటకై పిల్లలు పొద్దుపొడవకముందే పరుగులు తీయుదురు. దసరానాడు జమ్మిచెట్టు కడకు ఊరెల్ల కాలినడకన పోవును. మన సీమలో వేసవి యెండకును, వానకాలపు బురదకును మనుష్యుడు ఇల్లు కదలలేడు. శరత్తు, హేమంతములే దేహమునకు స్వేచ్ఛ గల ఋతువులు. ఈ మంచి దినములను తూర్పు హైదరాబాదు వాసులు, అందును ఉప్పలు నాచారములవారు, ఎట్లు వినియోగించుకొనుచున్నారు? ఈ ప్రశ్న చిన్నదిగా దోచవచ్చును. కాని ప్రజల ఆరోగ్యము చిన్న విషయము కాదు.

ఉప్పలు అనగానే దేశమున కెల్ల జ్ఞప్తికి వచ్చునది క్రికెట్ మైదానము. 2005 నవంబరులో అచ్చట మొదటి అంతర్జాతీయ వన్డే ఆట జరిగినది. 2010 నవంబరులో మొదటి టెస్టు జరిగినది. ఆటనాడు మెట్రో బండ్లు కిటకిటలాడును, వీథులు జనసముద్రమగును. ఆడువారు ఇరువదిరువురు, చూచువారు వేలకొలది. ఆట చూచి ఆనందించుటను మేము నిందింపము. కాని ఆట ముగిసి, దీపములారిన పిమ్మట, ఆ వేలమందిలో మఱునాటి ఉదయమున తన కాళ్లతో తాను పరుగెత్తువాడెవ్వడు? పరుగెత్తదలచినచో చోటేది? ఉప్పలు కూడలిలో నడచువారు దారి దాటుటకై 2023లో ఆకాశమార్గము నిర్మింపవలసివచ్చినది. అది మేలైన కట్టడమే. అయినను నేలమీద కాలినడకకు తావు చాలలేదనుటకు అదియే సాక్ష్యము. వరంగల్లు బాటమీద నారపల్లి వఱకు 2018లో ఆరంభించిన పైవంతెన పని ఏండ్ల తరబడి సాగి, ఆ దారిన నడచువారికి దుమ్మును, గోతులను మిగిల్చినది.

నగరమున పరుగుపందెములు లేవని మేమనుట లేదు. ఏటేట ఆగస్టులో హైదరాబాదు మారథాన్ జరుగుచున్నది. అందు పూర్తి దూరము 42.195 కిలోమీటర్లు. ఆ పరుగు నెక్లెస్ రోడ్డున బయలుదేరి గచ్చిబౌలి మైదానమున ముగియుచు వచ్చినది. గచ్చిబౌలి మైదానము 2002 నాటి జాతీయ క్రీడల వలనను, 2003 నాటి ఆఫ్రో-ఆసియా క్రీడల వలనను పేరుగాంచినది. ఇవన్నియు మనకు గర్వకారణములే. కాని ఆ బాట పడమటికి పోవుచున్నది. నాచారము పారిశ్రామికవాడలో రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన కార్మికుడు తెల్లవారకముందే హుస్సేన్ సాగరము చేరవలెను, రుసుము చెల్లింపవలెను, మునుపు పరుగెత్తిన అలవాటుండవలెను. ఈ మూడింటిలో ఏ యొకటి లేకున్నను అతడు ప్రేక్షకుడే.

“దినమంతయు యంత్రము ముందు నిలుచువానికి మరల పరుగేల?” అని కొందఱు అడుగుదురు. నిలుచుట వేఱు, పరుగెత్తుట వేఱు. ఒకే చోట గంటల తరబడి నిలిచిన కాళ్లలో నరములుబ్బును, నడుము పట్టివేయును. హృదయమునకు, ఊపిరితిత్తులకు కావలసిన వ్యాయామము వానికి దొరకదు. నాచారమున కార్మికులకై ఈఎస్‌ఐ ఆసుపత్రి కలదు. రోగము వచ్చిన తరువాత వైద్యమునకు హక్కు గలవానికి, రోగము రాకముందు ఆరోగ్యమునకు హక్కు లేదా?

పరుగు బలవంతుల సొత్తనెడి భ్రమయే మనకు ప్రథమ శత్రువు. 2004 అక్టోబరు 2వ తేదీన లండను నగరపు బుషీ పార్కులో పదుముగ్గురు చేరి 5 కిలోమీటర్లు పరుగెత్తిరి. పార్క్‌రన్ అను పేర పెరిగిన ఆ చిన్న పరుగు నేడు అనేక దేశములలో వారము వారము జరుగుచున్నది. రుసుము లేదు. నడచువారికి నిషేధము లేదు. అందఱికంటె వెనుక నడచుటకే ఒక వాలంటీరు నియమింపబడును. కావున పాల్గొనవచ్చినవా డెవ్వడును “నేను కడపటివాడను” అని సిగ్గుపడ నక్కఱలేదు. ఈ ఒక్క ఏర్పాటులో ఎంతటి మర్యాద గలదో పాఠకులు గ్రహింతురుగాక.

దూరదేశపు దృష్టాంతమేల? వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమున కూలివారి యింట పుట్టిన దీప్తి జీవన్‌జీ బుద్ధిమాంద్యము కారణముగా చిన్ననాట ఊరివారి యెగతాళికి గురియైనది. ఆ బాలికయే 2024 మే నెలలో జపానులోని కోబె నగరమున, తన వర్గపు 400 మీటర్ల పరుగును 55.07 సెకండ్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పినది. అదే యేడు పారిస్ పారాలింపిక్సులో కాంస్యపతకము గెలిచినది. పరుగెత్తుటకు దారి చూపిన వారుండిరి గనుక ఆమె మనకు దక్కినది. దారి చూపువారు లేక ఇండ్లలో మూల గూర్చున్న పిల్లలెందఱో! వికలాంగులు క్రీడలలో పాల్గొనుటకు తగిన ఏర్పాట్లు చేయవలసిన బాధ్యతను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టపు 30వ సెక్షను ప్రభుత్వముపై నుంచినది. చట్టము కాగితముననే యుండిన అది చట్టము కాదు, అలంకారము.

సాహసమునకును మనకు కొఱత లేదు. ఉప్పలు మీదుగా పోవు వరంగల్లు బాటయే భువనగిరి చేరును. అచ్చటి యేకశిలా పర్వతముపై ఎక్కుట నేర్చిన బాలిక, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ, 2014 మే 25న ఎవరెస్టు శిఖరమెక్కినది. అప్పటి కామె వయస్సు పదునాలుగేండ్లు నిండలేదు. ప్రభుత్వ గురుకులమున జదివిన కూలివారి బిడ్డ ఆమె. మన యువకులు సెలవుదినమున అదే బాటన పోయి, శిక్షకుని వెంట ఆ గుట్ట నేల యెక్కరాదు?

కావున మేము సూచించున దిది. అక్టోబరు 2, గాంధీ జయంతి, కర్మాగారములకు సెలవుదినము. 1930 మార్చి 12న మహాత్ముడు తన అరువది యేండ్ల వయస్సున సబర్మతి నుండి కాలినడకన బయలుదేరి ఏప్రిల్ 5కు దండి చేరెను. నడకకు మించిన ఆయుధము ఆయన చేత లేదు. ఆ దినమున ఉప్పలు భగాయతులో అందఱి పరుగు నారంభింపవలెను. మూసీయొడ్డున ఒకనాడు పొలములుగా నుండిన ఆ నేల ప్లాట్లుగా మారి, 2019లో వేలమునకు వచ్చినది. ఆ వెడల్పు వీథులను వారమున కొక్క ఉదయము ప్రజల కాళ్లకు వదలుట కష్టము కాదు. పిల్లలకు, వృద్ధులకు ఒక కిలోమీటరు, నడచువారికి మూడు, పరుగెత్తువారికి ఐదు. చక్రాల కుర్చీలకు గతుకులు లేని దారి. స్త్రీలు నిస్సంకోచముగా రాదగిన వెలుతురు. మెట్రో తొలిబండి వచ్చిన పిమ్మటనే ఆరంభము. రుసుము వలదు, బహుమతులు వలదు. మంచినీళ్లు, ఒక వైద్యుడు, వెనుక నడచు వాలంటీరు చాలును. గుండెజబ్బు గలవారు వైద్యు నడిగియే రావలెను. అక్టోబరు మొదట వానలు పూర్తిగా పోవు. 2020 అక్టోబరు నాటి వరద నీ ప్రాంతము మఱవలేదు. వాన పడిన వారము మానుకొని, కార్తికము ముగియువఱకు ప్రతి ఆదివారము సాగింపవలెను.

దీనికి కోట్లు అక్కఱలేదు. మునిసిపాలిటీవారు వీథి నూడ్పింపవలెను. పోలీసువారు రెండు గంటలు బండ్ల నాపవలెను. కర్మాగారముల యజమానులు, కార్మికసంఘములవారు తమ వారికి వర్తమానము చెప్పవలెను. పాఠశాలల ఉపాధ్యాయులు పిల్లలను వెంటబెట్టుకొని రావలెను. తక్కినది మనది. ప్రభుత్వము చేయలేదని యింట గూర్చుండుట స్వరాజ్యము గన్నవారికి తగదు.

మొదటి వారము పదుముగ్గురే రావచ్చును. రానిండు. లండనున వచ్చినవారును అంతియే. మా పాఠకులలో ఆ పదుముగ్గురును లేరని మేము నమ్మజాలము.