కారు దిగిన స్టీరియో... ఇంట్లో పాడాలంటే!

కారుకు కొత్త టచ్‌స్క్రీన్ వచ్చింది. పాత స్టీరియో అటకెక్కింది. పారేయడానికి మనసొప్పక దానికో 12 వోల్టుల అడాప్టరు, రెండు స్పీకర్లు తగిలించి హాల్లో పెట్టారు. పెన్‌డ్రైవ్ పాటలు బ్రహ్మాండంగా వస్తున్నాయి. రేడియో పెడితే మాత్రం... గరగర! ‘కార్ల మంచిగ పాడేది, ఇంట్ల ఏమైందో’ అని నిట్టూర్చి, చాలామంది దాన్ని మళ్లీ అటక మీదికే చేరుస్తారు. నిజానికి సెట్టుకు ఏ జబ్బూ లేదు. దానికి కావాల్సింది ముప్పావు మీటరు తీగ, కాస్త ఓపిక!

వికారాబాద్, తాండూరు వైపు ఇళ్లలో ఈ తంటా మరీ ఎక్కువ. ఎందుకో తెలియాలంటే ముందు ఆ నేల ఎగుడుదిగుళ్లు తెలియాలి.

కొండకు అవతలి ఊరు

హైదరాబాద్ నుంచి సూటిగా కొలిస్తే వికారాబాద్ 60 కిలోమీటర్ల పైచిలుకు. తాండూరు దాదాపు 100 కిలోమీటర్లు. ఎఫ్ఎం తరంగాలు ఇంచుమించు వెలుతురులాగే సూటిగా పోతాయి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి కొంత దూరం పోయాక అవి మన నెత్తి మీదుగా దాటిపోతాయి. దీనికో చిన్న లెక్క ఉంది. టవరు ఎత్తు ఎన్ని మీటర్లో చూసి, దాని వర్గమూలాన్ని 4.12తో హెచ్చిస్తే తరంగం ఎన్ని కిలోమీటర్లు చేరుతుందో తెలుస్తుంది. ఉదాహరణకు 150 మీటర్ల టవరైతే 50 కిలోమీటర్లు. వినేవాళ్ల ఏరియల్‌కూ ఇదే లెక్క. 9 మీటర్ల ఎత్తున్న డాబా మీద పెడితే ఇంకో 12 కిలోమీటర్లు కలుస్తాయి. అంటే వికారాబాద్ సరిగ్గా గట్టు మీద ఉన్నట్టు!

అయితే వికారాబాద్‌కు ఓ వరం ఉంది. సముద్రమట్టానికి సుమారు 630 మీటర్ల ఎత్తున, హైదరాబాద్ కన్నా పైన ఉంటుంది ఆ ఊరు. తాండూరుదే చిక్కు. అనంతగిరి కొండలు దాటి పడమటికి దిగితే వచ్చే ఆ ఊరి ఎత్తు సుమారు 450 మీటర్లే. అనంతగిరిలో పుట్టిన మూసీ తూర్పున హైదరాబాద్ దారి పడుతుంది. తాండూరును ఆనుకుని పారే కాగ్నా పడమటికి పోయి భీమలో కలుస్తుంది. పల్లం ఎటుందో నీళ్లే చెబుతున్నాయి కదా! హైదరాబాద్ నుంచి వచ్చే ఎఫ్ఎంకు తాండూరు కొండ నీడలో పడిపోతుంది.

ఇంకో సంగతి. తాండూరుకు హైదరాబాద్ కన్నా కర్ణాటకలోని కలబురగే దగ్గర. తెలుగు స్టేషన్లకు కొండ అడ్డం, కన్నడ స్టేషన్‌కు దారి సుగమం. బండల పాలిషింగ్ షెడ్డులోనో, కంది చేను పక్క కొట్టంలోనో, కరెంటు పోయిన రాత్రి ఇంట్లోనో తెలుగు మాట వినపడాలంటే అక్కడ ఏరియలే ఆధారం. ఫోన్లో ‘న్యూస్ ఆన్ ఎయిర్’ యాప్ పెట్టుకుని ఆకాశవాణి వినొచ్చు, నిజమే. కానీ దానికి డేటా ఉండాలి, సిగ్నలుండాలి, ఫోను ఒకరి చేతిలోనే ఖాళీగా ఉండాలి. ఇంట్లో పెద్దవాళ్లకు బటన్ నొక్కితే పలికే పెట్టెతో ఉన్న సుఖం వేరు.

కారే సగం ఏరియల్

కారు స్టీరియో లోపలి ట్యూనర్ మామూలుది కాదు. పరుగెత్తే బండిలో, క్షణానికోలా మారే సిగ్నల్‌ను పట్టడానికి తయారైంది. చాలా చిన్న ట్రాన్సిస్టర్ల కన్నా చురుకైంది. మరి ఇంట్లో ఎందుకు మూగబోతుంది? కారులో ఉన్నప్పుడు దానికి పైన నిలువు కడ్డీ ఒక్కటే ఏరియల్ కాదు. కింద ఉన్న ఇనుప బాడీ మొత్తం ఏరియల్‌కు రెండో సగంలా పనిచేస్తుంది. కారులోంచి తీసి చెక్క అలమారాలో పెడితే కడ్డీ పోయింది, బాడీ కూడా పోయింది!

అందుకే ఏరియల్ రంధ్రంలో ఏదో ఓ తీగ ముక్క గుచ్చితే పని సగమే అవుతుంది. ఆ రంధ్రం మధ్యలో సిగ్నల్ పిన్ను, చుట్టూ ఎర్త్ గొట్టం ఉంటాయి. ఒలిచిన తీగ రెంటికీ తగిలిందంటే వచ్చే కాస్త సిగ్నలూ నేలపాలు. కార్ల సామాన్ల దుకాణంలో ‘ఏరియల్ పిన్ను’ అనడిగితే ఇస్తారు. దాన్ని మోటరోలా ప్లగ్ అని కూడా అంటారు. 1930లో అమెరికాలో కారు రేడియోలు అమ్మడం మొదలుపెట్టిన కంపెనీ పేరు దానికి అలాగే ఉండిపోయింది.

తీగ ఎంత పొడుగు?

ఇక్కడా లెక్క సులువే. 75ను స్టేషన్ మెగాహెర్ట్జ్ అంకెతో భాగిస్తే తీగ పొడవు మీటర్లలో వస్తుంది. రెయిన్‌బో 101.9కి సుమారు 73 సెంటీమీటర్లు, వివిధభారతి 102.8కి అంతే, మిర్చి 98.3కి 76. రెండు మూడు సెంటీమీటర్లు తగ్గించుకున్నా మంచిదే. కాబట్టి 72 సెంటీమీటర్లు పెట్టుకుంటే అన్నింటికీ సరిపోతుంది.

అలాంటి తీగలు రెండు తీసుకోండి. కేబుల్ టీవీకి వాడే వైరు కొన్ని మీటర్లు చాలు. దాని నడిమి రాగి తీగకు ఒక ముక్క, చుట్టూ ఉండే జాలీకి మరో ముక్క కలపండి. రెండు ముక్కలనూ చెరోవైపు చేతులు చాచినట్టు పరిచి, ఓ వెదురు కర్రకో పీవీసీ పైపుకో కట్టండి. కిందికి వచ్చిన కేబుల్‌కు ఏరియల్ పిన్ను బిగించండి. కారు బాడీ చేసిన పనిని ఇప్పుడు రెండో ముక్క చేస్తుంది. దీన్నే డైపోల్ అంటారు.

దాన్ని ఎటు పెట్టాలి? డైపోల్ తన చేతుల కొసల వైపు నుంచి వచ్చే సిగ్నల్‌ను సరిగా పట్టదు, ఎదురుగా వచ్చేదాన్ని బాగా పడుతుంది. వికారాబాద్‌కైనా తాండూరుకైనా హైదరాబాద్ ఉన్నది తూర్పున. కాబట్టి చేతులు ఉత్తర దక్షిణాలుగా చాపాలి. అలా పడుకోబెట్టి ఓసారి, నిలువుగా నిలబెట్టి ఓసారి విని, ఏది బాగుంటే అది ఖాయం చేసుకోవడమే.

ఇక ఎత్తు. కాంక్రీటు స్లాబులోని ఇనుప చువ్వలు, రేకుల కప్పు సిగ్నల్‌ను అడ్డుకుంటాయి. ఇంట్లోనే పెట్టక తప్పదంటే తూర్పు కిటికీ దగ్గర పెట్టండి. డాబా మీదికి చేరిస్తే ఇంకా మేలు. దూరదర్శన్ పాత అనలాగ్ ప్రసారాలు దాదాపుగా ఆగిపోయాక చాలా డాబాల మీద యాంటెన్నా పైపులు ఊరికే నిలబడి ఉన్నాయి. వాటికి ఇంతకన్నా మంచి కొలువు దొరకదు!

గరగర పుట్టేది ఇంట్లోనే

ఏరియల్ కుదిరినా గరగర వదలకపోతే దొంగ ఇంట్లోనే ఉన్నట్టు లెక్క. ఎల్ఈడీ బల్బులు, మొబైల్ ఛార్జర్లు, ఇన్వర్టరు, ఆఖరికి స్టీరియోకు పెట్టిన అడాప్టరు కూడా రేడియో రొద పుట్టించగలవు. పట్టుకునే ఉపాయం ఒకటుంది. స్టీరియోను 12 వోల్టుల బ్యాటరీకి ఫ్యూజుతో కలిపి, ఇంటి మెయిన్ ఆపేసి వినండి. గరగర పోయిందా? ఇప్పుడు మెయిన్ వేసి, ఒక్కో స్విచ్చే వేస్తూ పోండి. దొంగ దొరికిపోతాడు. అన్నీ వేసినా మామూలుగానే ఉంటే తప్పు అడాప్టరుదే. రౌటరుతో వచ్చే 1 ఆంపియరు అడాప్టరు దీనికి ఎలాగూ చాలదు. 5 ఆంపియర్లది, కాస్త మంచిది కొనాలి.

సెట్టులో కూడా రెండు సంగతులు చూడాలి. ‘లోకల్’ అనే సెట్టింగ్ వేసి ఉంటే బలహీనమైన స్టేషన్లను వదిలేస్తుంది. దాన్ని తీసేయండి. ‘మోనో’ బటన్ ఉంటే నొక్కండి. స్టీరియోగా వినాలంటే సిగ్నల్ చాలా బలంగా ఉండాలి. మోనోలో అదే స్టేషన్ గరగర తగ్గి స్పష్టంగా వినిపిస్తుంది. ఇక బూస్టర్లంటారా... అవి సిగ్నల్‌తో పాటు రొదనూ పెంచుతాయి. డబ్బు పెట్టాల్సింది ముందు తీగకు, తర్వాత ఎత్తుకు, ఆ తర్వాతే బూస్టర్‌కు.

మీడియం వేవ్ వేరే దారి

ఆకాశవాణి హైదరాబాద్ అనగానే పాత శ్రోతలకు గుర్తొచ్చే అంకె 738 కిలోహెర్ట్జ్. ఆ తరంగం పొడవు 400 మీటర్ల పైమాటే. మూడు మీటర్ల ఎఫ్ఎం తరంగానికి అడ్డుపడే కొండను అది నేల వెంట పాకుతూ దాటేస్తుంది. తరంగం ఎంత పొడవైతే అడ్డంకులు అంత తక్కువ. వికారాబాద్ జిల్లాలోని దామగుండంలో 2024 అక్టోబరులో నౌకాదళం శంకుస్థాపన చేసిన కేంద్రం కూడా ఈ సూత్రం మీద ఆధారపడిందే. కిలోమీటర్ల కొద్దీ పొడవుండే తరంగాలు కాబట్టే సముద్రం లోపలి జలాంతర్గాములకు కబురు చేరుతుంది.

ట్రాన్సిస్టర్ లోపల మీడియం వేవ్ కోసం ఫెర్రైటు కడ్డీ ఉంటుంది. కారు స్టీరియోలో అది ఉండదు. కాబట్టి ఐదు నుంచి పది మీటర్ల తీగను కిటికీలోంచి బయటికి తీసి, దాని కొసను పిన్ను నడిమి భాగానికి కలపాలి. ఇక్కడ పొడవాటి కేబుల్ వైరు వాడితే సిగ్నల్ దారిలోనే చచ్చిపోతుంది. కొన్ని కొత్త సెట్లలో అసలు మీడియం వేవే ఉండదు. ముందే చూసుకోవాలి.

సెకండ్ హ్యాండ్ సెట్టు కొనేవాళ్లకు ఇంకో హెచ్చరిక. జపాన్ కార్లలోంచి తీసిన పాత సెట్లు 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే వెళ్తాయి. రెయిన్‌బో, వివిధభారతి వాటికి అందవు. అమెరికా సెట్టింగ్‌లో ఉన్నవి చుక్క తర్వాత బేసి అంకె ఉన్న స్టేషన్ల మీదే ఆగుతాయి. 101.9 వస్తుంది, 102.8 రాదు. జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరు నుంచి 2008లో మొదలైన సంఘం రేడియో 90.4 కూడా అంతే. మెనూలో ప్రాంతం మార్చే వీలుందేమో చూసి కొనాలి.

ఇవి మరవొద్దు

పసుపు, ఎరుపు వైర్లు రెండూ ప్లస్‌కు, నలుపు మైనస్‌కు కలపాలి. పసుపు వైరు వదిలేస్తే స్టేషన్లు గుర్తుండవు. రంగులు తేడాగా ఉంటే సెట్టు మీద అతికించిన చీటీయే ప్రమాణం. స్పీకర్ వైర్లలో ఏదీ ఎర్త్‌కు తగలకూడదు, తగిలితే లోపలి ఆంప్లిఫయర్ కాలిపోతుంది. డాబా మీది తీగ కరెంటు తీగలకు చాలా దూరంగా ఉండాలి. ఉరుములు మొదలయ్యేలోపే ఏరియల్ పిన్ను లాగేసి పక్కన పెట్టాలి.

ఇంతా చేస్తే వికారాబాద్‌లో మేడ మీది ఇళ్లకు ఎఫ్ఎం నిక్కచ్చిగా అందే అవకాశం ఎక్కువ. తాండూరులో ఒకటో రెండో స్టేషన్లు మోనోలో కాస్త గరగరతో రావచ్చు, డాబాను బట్టి అదీ మారుతుంది. అక్కడ ఎఫ్ఎం మొరాయిస్తే పది మీటర్ల తీగతో మీడియం వేవ్ వెతకండి. అటకెక్కిన సెట్టును పాత సామాన్ల వాడికి తూకానికి వేసేముందు ఒక్క ఆదివారం దాని కోసం కేటాయించడం నష్టమేం కాదు!