కిడ్నీ భయం చాటున టీబీని దాగనివ్వొద్దు



ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా మన ఉద్దానం ఊళ్లలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ముందుగా వచ్చే మాట ‘క్రియాటినిన్ ఎంతుంది?’ అనే. ఆకలి మందగించినా, ఒళ్లు చిక్కినా, నాలుగు అడుగులకే ఆయాసం వచ్చినా కిడ్నీయే అనుకుంటాం. అలా అనుకోవడం తప్పు కాదు. దశాబ్దాలుగా ఈ జబ్బు మన ఇళ్లలో మనుషుల్ని తీసుకుపోతోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కానీ ఆ భయం ఎంత పెరిగిందంటే, దాని చాటున మరో జబ్బు నిలబడినా మన కంట పడటం లేదు. అదే టీబీ. మన ముసలివాళ్లు క్షయ అనేవారు.

కిడ్నీలు దెబ్బతింటే రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. డయాలిసిస్ మీద ఉన్నవారికి టీబీ వచ్చే ముప్పు మామూలు మనుషులకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. వారిలో అది ఊపిరితిత్తుల్లోనే ఉండాలని లేదు. మెడ మీద గడ్డగా రావచ్చు, ఊపిరితిత్తుల చుట్టూ నీరుగా చేరవచ్చు, కడుపులో దాగవచ్చు. దగ్గే ఉండకపోవచ్చు. సాయంత్రమయ్యేసరికి సన్నజ్వరం, నెలనెలా తగ్గే బరువు. ‘డయాలిసిస్ మనిషి కదా, అలాగే ఉంటాడు’ అని ఇంటివాళ్లు సరిపెట్టుకుంటారు. ఊపిరితిత్తుల టీబీ అయితే గాలి ద్వారా అంటుకుంటుంది. డయాలిసిస్ గదిలో వారానికి రెండు మూడుసార్లు, గంటల తరబడి పక్కపక్క మంచాల మీద ఉండేవారిలో ఒక్కరికి తెలియకుండా అది ఉన్నా మిగతావారి పరిస్థితి ఏమిటో ఆలోచించండి.

కాబట్టి నా మొదటి కోరిక ఇది. పలాస, సోంపేట, కవిటి, ఎక్కడ డయాలిసిస్ జరిగినా అక్కడే టీబీ లక్షణాలు అడగాలి, అనుమానం ఉంటే కళ్లె పరీక్ష, ఎక్స్‌రే తీయించాలి. జబ్బు లేదని తేలినవారికి ఒంట్లో నిద్రపోతున్న టీబీ ఉందేమో చూసి, ఉంటే ముందుజాగ్రత్త మందు ఇవ్వాలి. ఇది కొత్త కోరిక కాదు. 2021లో వచ్చిన జాతీయ మార్గదర్శకాలు ఈ మందు ఇవ్వాల్సినవారిలో డయాలిసిస్ రోగులనూ చేర్చాయి. దేశంలో ఈ మాట అందరికన్నా ముందు అమలు కావాల్సిన చోటు ఉద్దానం కాదా?

ఇక రెండో సంగతి. నా మనసుని ఎక్కువ కలవరపెట్టేది ఇదే. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ అనేది ఒకటి. అది వేసుకుంటే మూత్రం నారింజ రంగులో, ఒక్కోసారి ఎర్రగా వస్తుంది. అది మందు రంగు, హాని లేదు. వేరే ఊళ్లో దీన్ని చూసి ఒకరోజు కంగారుపడి ఊరుకుంటారేమో. మన ఊళ్లో తండ్రిని, అన్నని కిడ్నీ రోగానికి పోగొట్టుకున్న మనిషి ఆ రంగు చూస్తే ఏమనుకుంటాడు? ‘నాకూ వచ్చేసింది’ అని ఆ రోజే మాత్రలు ఆపేస్తాడు. ఆరు నెలల వైద్యం మధ్యలో ఆపితే మందులకు లొంగని టీబీ పుట్టవచ్చు. అందుకే ఎక్కడో అచ్చేసిన ఒకే పోస్టరు దేశమంతా అంటిస్తే మనకు సరిపోదు. ఉద్దానం గోడ మీద మొదటి మాట ‘మూత్రం రంగు మారితే భయపడకండి, మందు ఆపకండి’ అని ఉండాలి. మొదటి మాత్ర చేతిలో పెట్టేటప్పుడే ఆశా కార్యకర్త ఈ ముక్క చెప్పాలి.

తిండి విషయంలోనూ ఇదే చిక్కు. టీబీ రోగిని పప్పు, గుడ్డు బాగా తినమంటారు. కిడ్నీ రోగిని పప్పు తగ్గించమంటారు. రెండూ ఉన్న మనిషి ఏ మాట వినాలి? డయాలిసిస్ మొదలైనవారికి మాంసకృత్తులు ఎక్కువే కావాలి, మొదలుకానివారి లెక్క వేరు. కిడ్నీ స్థితిని బట్టి కొన్ని టీబీ మందుల మోతాదూ మారుతుంది. కనుక టీబీ డాక్టరు దగ్గర కిడ్నీ కాగితాలు, కిడ్నీ డాక్టరు దగ్గర టీబీ కాగితాలు తప్పకుండా చూపించండి. టీబీ రోగి తిండికి నెలకు 1000 రూపాయలు ప్రభుత్వం ఖాతాలో వేస్తుంది. 2024 నవంబరుకు ముందు అది 500. ఆ డబ్బు మన హక్కు, అడిగి తీసుకోండి. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లకు బియ్యం, పప్పు అదనంగా ఇచ్చి చూశారు. కడుపు నిండిన ఆ ఇళ్లలో మిగతావారికి కొత్తగా టీబీ రావడం దాదాపు నలభై శాతం తగ్గింది. 2023లో వెలువడిన ఫలితమిది.

ఉద్దానం అంటే పెళ్లి సంబంధాలు వెనక్కి పోతున్నాయన్న బాధ మనకు ఇప్పటికే ఉంది. దాని మీద టీబీ అన్న మాట కూడానా అని ఇంటివాళ్లు దాస్తారు. దాచడం వల్లే అది ఇంట్లో పిల్లలకు పాకుతుంది. సరైన మందు పడితే కొద్ది వారాల్లోనే ఎదుటివారికి అంటించే గుణం తగ్గిపోతుంది. కంచం, గ్లాసు వేరు చేయక్కర్లేదు.

జీడి ఫ్యాక్టరీల యజమానులకు ఒక మనవి. గాలి ఆడని గదుల్లో పక్కపక్కనే కూర్చుని పొట్టు తీసే ఆడవాళ్లలో ఎవరికైనా రెండు వారాలు దాటి దగ్గు ఉంటే, కూలి కోయకుండా ఒకపూట పరీక్షకు పంపండి. కిటికీలు తెరిచి ఉంచండి. చెన్నై, హైదరాబాద్ పనులకు, గుజరాత్ చేపల వేటకు వెళ్లేవారు మందు మొదలుపెట్టి ఉంటే, బండెక్కే ముందు ప్రభుత్వ టీబీ రికార్డులో మీకిచ్చిన నిక్షయ్ నంబరు రాసుకోండి. ఆ నంబరుతో మందు ఏ ఊళ్లోనైనా కొనసాగించవచ్చు.

సర్పంచులకు కూడా ఒక మాట. ‘టీబీ లేని పంచాయతీ’ అన్న గుర్తింపు రావాలంటే వెయ్యి జనాభాకు కనీసం 30 మంది అనుమానితులకు పరీక్ష జరగాలి. పరీక్షలు చేయించకుండా కేసులు లేవనుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. రాబోయే గ్రామసభలో తాగునీటి సంగతితో పాటు ఈ లెక్క కూడా చదివించండి. మందు పూర్తిచేసి కోలుకున్న మనిషి ఎవరైనా ఇష్టపడి మాట్లాడతానంటే, మైకు ముందుగా ఆ మనిషికివ్వండి. పది పోస్టర్లు చెప్పలేనిది ఆ ఒక్క మనిషి చెప్పగలరు.

సందేహాలుంటే 1800-11-6666కు ఫోను చేయండి, డబ్బు పడదు. మీ ఇంట్లో ఎవరైనా డయాలిసిస్‌కు వెళుతుంటే, ఈసారి వెళ్లినప్పుడు అక్కడి సిస్టర్‌ని ఒక్క మాట అడగండి: ‘సిస్టరమ్మా, మావాడికి టీబీ పరీక్ష ఎప్పుడు చేశారు?’